పద్దెనిమిది ఎంబీ

ఆ కంపెనీలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె అతుకులమ్మ. ఆటలో తప్పులు బయటపడినప్పుడల్లా వాటిని సరిచేసే అతుకులు తయారుచేసి, ఆటగాళ్ళ కంప్యూటర్లకు పంపించడం ఆమె పని. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఏడేళ్ళలో అది ఎంత అలవాటైపోయిందంటే, గుమ్మం దగ్గర కూర్చునే కాపలా ఆయన కూడా "అతుకులమ్మగారూ, గొడుగు మర్చిపోయారు" అని వెనకాల కేకేసేవాడు. ఆమెకూ ఆ పేరంటే లోలోపల ఇష్టమే. కొత్త బొమ్మలు గీసేవాళ్ళనీ కొత్త ఎత్తులు కనిపెట్టేవాళ్ళనీ అందరూ మెచ్చుకుంటారు. అతుకు బాగా పడితే మాత్రం ఎవరికీ తెలియదు. కనీసం పేరులోనైనా తెలుస్తోంది కదా అనుకునేది.

కంపెనీ బతుకంతా ఒక్క ఆట మీద నడుస్తోంది. ఊళ్ళు కట్టే ఆట. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు వేసుకుని, ఇళ్ళు లేపుకుని, నీళ్ళూ కరెంటూ తెచ్చుకుని, జనాన్ని పిలుచుకోవాలి. తొందర ఉండదు, చంపుకోవడాలు ఉండవు. అందుకే కుర్రకారు దాని జోలికి పెద్దగా పోరు. ఆడేవాళ్ళలో రిటైరైనవాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు, ఇల్లు కదలలేనివాళ్ళు ఎక్కువ. వాళ్ళ కంప్యూటర్లకూ వాళ్ళంత వయసే.

అలా ఇల్లు కదలలేనివాళ్ళలో ఆమె బావ ఒకడు. అక్క మొగుడు. ఒకప్పుడు పదిహేను అంతస్తుల ఎత్తున క్రేను నడిపినవాడు, మూడేళ్ళ కిందట క్రేను దిగుతుంటే నిచ్చెన మెట్టు జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు అతని ప్రయాణమంతా మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. ఆ ఆట మరదలే తెచ్చి పెట్టింది, ఏదో కాలక్షేపమవుతుందని. అతను రెండేళ్ళుగా ఒకే ఊరు కడుతున్నాడు. నలభై వేల జనం, నది మీద మూడు వంతెనలు. ఎక్కడ కొత్త మేడ లేచినా పక్కన ఒక క్రేను నిలబెట్టి, పని అయిపోయాక కూడా దాన్ని తీసేవాడు కాదు. "ఉండనీవే, ఎవడో ఒకడు పైనుంచి చూస్తూ ఉండాలిగా" అనేవాడు.

ఆదివారాలు ఆమె వెళ్ళేసరికి అతని ఫిర్యాదు సిద్ధంగా ఉండేది.

"మరదలా, మీ కంపెనీవాళ్ళకి ఏమన్నా పిచ్చా? వీధి దీపాల రంగు మార్చామని నాలుగు జీబీ పంపిస్తారా? బల్బు మార్చమంటే ఇల్లు పీకి మళ్ళీ కట్టినట్టుంది! మా ఇంటి లైనులో అది దిగేసరికి నాకు గడ్డం పెరుగుతోంది."

"నీకు గడ్డమే బాగుంటుంది బావా."

"మీ అక్కతో చెప్పించు, నమ్ముతాను."

అక్క కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే "ఏదున్నా ఒకటే, మొహం అదేగా" అనేది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు ఇంట్లోనే కుట్టి ఇస్తుంది. ఇల్లు గడిచేది ఆ మిషను మీదే. గదిలో ప్లగ్గు ఒక్కటే. దానికి కుట్టుమిషనో కంప్యూటరో, ఏదో ఒకటే తగిలించాలి. ఆ వంతుల కోసం మొగుడూ పెళ్ళాలు రోజూ చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్ళు.

బావ మాటలో అబద్ధమేం లేదు. ఆట మొత్తాన్ని ఒకే పెద్ద ఫైల్లో కుక్కి, బిగించి కట్టేశారు. అందులో ఒక్క బొమ్మ మారినా దాని వెనకున్నదంతా కొంచెం కొంచెం జరిగిపోతుంది. దాంతో ప్రతిసారీ కొత్త ఫైలు మొత్తం పంపడమే. ఆటగాళ్ళు కట్టుకున్న ఊళ్ళు కూడా అదే ఫైలు చివర్లో ఉంటాయి. ఎవరో ఎప్పుడో చేసి వెళ్ళిపోయిన ఏర్పాటు అది, మార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు. రోజుకు వందల ఉత్తరాలు వచ్చి పడుతుంటే డైరెక్టరుకు తిక్కరేగింది.

"మూడో నెలలో పెద్ద అప్‌డేట్ ఉంది. అప్పటికి ఈ గోల వినపడకూడదు. ఎలా చేస్తారో మీ ఇష్టం" అని ఆమెకూ మాస్టారికీ కలిపి చెప్పాడు.

మాస్టారు ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినాయన. యాభై ఆరేళ్ళుంటాయి. ఆమెకు ఈ పని ఓనమాలతో సహా నేర్పింది ఆయనే. చెప్పిందే మూడుసార్లు చెప్తాడనీ, తలుపు తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తాడనీ ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, ఆయన లేనప్పుడు.

ఇద్దరూ రెండు దారులు పట్టారు. మాస్టారు పద్ధతిలో ఫైలును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు ఒక గుర్తు పెడతారు. ఆటగాడి కంప్యూటరు తన దగ్గర లేని ముక్కల్ని మాత్రం తెచ్చుకుంటుంది. పాత ముక్కను చెరిపేముందు దాన్ని పక్కన రాసి పెట్టుకుంటుంది. మధ్యలో ఏమైనా అయితే ఆ రాతను చూసి వెనక్కి వచ్చేయొచ్చు. దాన్ని ఆయన తిరుగుదారి అనేవాడు. ఆ పద్ధతిలో అప్‌డేట్ నూట పది ఎంబీ వచ్చింది. నాలుగు జీబీ ఎక్కడ, నూట పది ఎంబీ ఎక్కడ! కానీ తిరుగుదారి పూర్తి కావడానికి ఇంకో మూడు వారాలు కావాలన్నాడు.

ఆమె పద్ధతి వేరు. పాత ఫైలును విప్పి, కొత్తదాన్ని విప్పి, రెంటినీ అక్షరం అక్షరం పోల్చి, తేడాను మాత్రమే పంపడం. ఆ తేడాను ఆటగాడి కంప్యూటరు పాత ఫైలు మీదే నేరుగా దిద్దుకుంటుంది. రాతలు లేవు, పక్కన దాచుకోవడాలు లేవు. మొదటిసారి నడిపి చూసినప్పుడు తెర మీద అంకె చూసి ఆమె తన కళ్ళను తానే నమ్మలేకపోయింది. పద్దెనిమిది ఎంబీ. మళ్ళీ నడిపింది. పద్దెనిమిదే. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, ఎవరూ చూడటం లేదని ఖాయం చేసుకుని, ఒక్క గెంతు గెంతింది. ఏడేళ్ళ అతుకుల బతుకులో అంత అందమైన పని ఆమె చేతిలోంచి రాలేదు.

అప్‌డేట్ చిన్నదైతే చాలదు, అది కంప్యూటరు మీద దిగి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూడాలి. ఆఫీసు మిషన్ల మీద నాలుగు నిమిషాలు పట్టింది. పరీక్షల కోసం ఒక పాత కంప్యూటరు స్టోరు గదిలో అట్టపెట్టెల వెనకాల ఉంటుంది, బావ దగ్గరున్నలాంటిదే. దాని మీదా నడిపింది. నలభై ఏడు నిమిషాలు. అందులో ముప్పై నిమిషాలు, ఎంత పనయిందో చూపే గీత తొంభై రెండు శాతం దగ్గర కదలకుండా నిలబడిపోయింది. ఆమె కాసేపు దాని వంక చూస్తూ కూర్చుని, ఇది దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా, డిస్కు పాడై ఉంటుంది, ఇది లెక్కలోకి రాదు అనుకుంది. చార్టులో నాలుగు నిమిషాలని రాసింది. నలభై ఏడు రాయలేదు. నెమ్మది లైన్లున్న బావలాంటివాళ్ళకి చిన్న అప్‌డేటే మేలు కదా అని కూడా మనసుకు నచ్చచెప్పుకుంది. అందులో నిజం లేకపోలేదు. అందుకే మనసు అంత సులువుగా ఒప్పుకుంది.

మీటింగు పొద్దున పదింటికి జరిగింది. డైరెక్టరు రెండు అంకెలూ పక్కపక్కన చూశాడు.

"నూట పదికీ పద్దెనిమిదికీ పోలికేంటి మాస్టారూ? పైగా మీకు మూడు వారాలు కూడా కావాలి."

"దారిలో ఆగిపోతే వెనక్కి రావాలి కదండీ" అన్నాడు మాస్టారు. "అమ్మాయి పద్ధతిలో పాత ఫైలు మీదే దిద్దుతున్నాం. సగంలో ఆగితే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. వాళ్ళ ఊళ్ళు కూడా అందులోనే ఉన్నాయి. సగంలో ఆగితే..."

"మూడోసారి చెప్పక్కర్లేదు, అర్థమైంది" అన్నాడు డైరెక్టరు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నాలుగు నిమిషాల్లో ఏం మునిగిపోతుందండీ? ఏమ్మా, మీరు చెప్పండి."

ఆమె గొంతు సవరించుకునేలోపే మాస్టారు ఆమె వైపు తిరిగాడు.

"పాత మిషను మీద ఎంతసేపు పట్టిందమ్మాయ్?"

గదిలో అందరి కళ్ళూ ఆమె మీద ఉన్నాయి. నలభై ఏడు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే పద్దెనిమిది పోతుంది. అది పోతే ఆ అందమంతా, ఆ గెంతు కూడా పోతుంది.

"అది సరిగ్గా పనిచెయ్యడం లేదు మాస్టారూ. ఇంకా కొలవలేదు."

"ఫరవాలేదా మరి?" అన్నాడు డైరెక్టరు.

"చాలావరకు ఫరవాలేదు సార్."

"చాలావరకు" అన్న మాట ఎవరి చెవికీ తగల్లేదు. పద్దెనిమిది ఖాయమైంది. ఒకే పనికి ఇద్దరెందుకన్న మాట ఆ వారంలోనే పుట్టి, వారం తిరక్కుండానే మాస్టారి ఉద్యోగం ఊడింది. ఆయన తన బల్ల సొరుగులు ఖాళీ చేసుకుంటుంటే ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. "ఏమన్నా సాయం చెయ్యనా మాస్టారూ" అంది.

ఆయన పెన్సిళ్ళు ఏరి డబ్బాలో వేసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "ఆ పాత మిషను బాగానే ఉందమ్మాయ్. నేనూ నడిపి చూశాను. నలభై ఆరు నిమిషాలు పట్టింది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మరి... అక్కడ ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు చెప్తావని చూశాను" అని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్‌డేట్ విడుదలకు ఇంకా పంతొమ్మిది రోజులుంది. పంతొమ్మిది రోజుల్లో ఏ రోజైనా డైరెక్టరు గది తలుపు తట్టి, ఒక్క అంకె చెప్పి ఉండొచ్చు. రోజూ ఆ తలుపు ముందునుంచే నడిచేది. రోజూ రేపనుకునేది.

విడుదలైన రోజు మధ్యాహ్నం దాకా పొగడ్తలే. ఇంత చిన్న అప్‌డేటా, ఎలా చేశారు, శభాష్ అంటూ ఉత్తరాలు. డైరెక్టరు అందరి ముందూ ఆమె చేత కేకు కోయించాడు. మూడు గంటలకు మొదటి ఫిర్యాదు వచ్చింది. నాలుగింటికి ఇరవై అయ్యాయి. మర్నాటికి వాటిని లెక్కపెట్టడం మానేశారు. కరెంటు పోవడమూ కాదు, వైరసూ కాదు. పాత కంప్యూటర్లున్నవాళ్ళు తొంభై రెండు దగ్గర గీత ఆగిపోవడం చూసి, పది నిమిషాలు ఆగి, పావుగంట ఆగి, మిషను మొరాయించిందనుకుని స్విచ్చు ఆపేశారు. ఎవరైనా అదే చేస్తారు. మళ్ళీ వేసేసరికి ఆట లేదు, ఊరు లేదు.

బావ ఇంటికి ఆమె రెండోరోజే పరిగెత్తింది. బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది.

"పోయిందే" అన్నాడు. అంతే అన్నాడు.

జరిగింది వంటింట్లో అక్క చెప్పింది. అప్‌డేట్ మొదలుపెట్టి, బావ కాస్త నడుం వాల్చాడు. సాయంత్రానికి ముప్పై చొక్కాలు ఇవ్వాలి. అక్క వచ్చి చూస్తే తెర మీద గీత బిగుసుకుపోయి ఉంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. సరే ఇది చచ్చిందిలే అని, ప్లగ్గు పీకి కుట్టుమిషనుకు పెట్టుకుంది.

"ఒక్క మాట ఆయన్ని లేపి అడగాల్సింది" అంది అక్క. "చొక్కాలు, చొక్కాలు అని కళ్ళు మూసుకుపోయాయి నాకు."

చెల్లెలు పాడైన ఫైలును ఆఫీసుకు పట్టుకెళ్ళి, వారం రోజులు దాంతో కుస్తీ పట్టింది. బయటికి వచ్చింది రెండు వంతెనలు, కొన్ని రోడ్లు, నేల మీద కాకుండా గాల్లో నిలబడ్డ ఏడు క్రేన్లు. జనం లేరు. దాన్ని తీసుకెళ్ళి బావకు చూపించింది. అతను చాలాసేపు చూశాడు. "శ్రమ పడ్డావే" అని, తనే గుడ్డ అందుకుని మళ్ళీ కప్పేశాడు.

కంపెనీలో పని మళ్ళీ మొదలైంది. తిరుగుదారి కట్టమన్నారు, ఆమెనే. మాస్టారు వదిలి వెళ్ళిన కాగితాల్లో ఒకచోట అర్థంకాక, సిగ్గు చంపుకుని ఆయనకు ఫోను చేసింది. ఆయన విసుక్కోలేదు. ఏ ముక్క తర్వాత ఏది రాసుకోవాలో, ఎప్పుడు చెరపాలో, వెనకటిలాగే మూడేసిసార్లు చెప్పాడు. అంతా అయ్యాక ఆమె "మాస్టారూ, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది.

"పని గురించి ఇంకేమన్నా ఉందా అమ్మాయ్?"

"లేదండీ."

"ఉంటాను మరి" అని పెట్టేశాడు.

పని సరిగ్గా మూడు వారాల్లో అయింది.

ఆటగాళ్ళకు క్షమాపణ చెప్పాలి కదా. ఆ నాలుగు వాక్యాలు కూడా ఆమెనే రాయమన్నాడు డైరెక్టరు. ఆమె రాసింది: మా అప్‌డేట్‌కు పాత కంప్యూటర్ల మీద ఎక్కువసేపు పడుతుందని ముందుగా చెప్పలేకపోయాం, తప్పు మాది. డైరెక్టరు చదివి తల అడ్డంగా ఊపాడు.

"తప్పు మాదని రాసిస్తే రేపు కోర్టుకెళ్తారు. మధ్యలో కంప్యూటరు ఆపేసినవాళ్ళకి ఇబ్బంది కలిగింది, అందుకు చింతిస్తున్నాం, ఇకమీదట అప్‌డేట్ అవుతుండగా ఆపొద్దని మనవి. అలా రాయండి. అది అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. ఆమె అలాగే రాసింది.

ఆ ఆదివారం అక్క గుమ్మంలోనే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. చేతిలో ఫోను.

"మీవాళ్ళు పెట్టారు, చూశావా? మధ్యలో ఆపేసినవాళ్ళకి పోయిందట. ఆపొద్దట. ముందే అందరికీ తెలిసిన సంగతే కాబోలు, నాకే తెలియలేదు. ఆయన ఒక్క మాట అనడు. నేను మాత్రం రోజూ ఆ ప్లగ్గు చూసి చస్తున్నాను. పనిలేని మొగుడికి ఉన్న ఒక్క పనీ నా చేత్తో తీసేశాను."

ఇక చెల్లెలి వల్ల కాలేదు.

"అక్కా, తప్పు నీది కాదు. ఆ ఉత్తరం రాసింది నేనే. పాత మిషన్ల మీద నలభై ఏడు నిమిషాలు పడుతుందని, గీత ఆగిపోతుందని నాకు ముందే తెలుసు. చెప్పకుండా దాచాను."

అక్కకు వెంటనే బోధపడలేదు. "ముందే అంటే?"

"నెల ముందు."

"బావ మిషను కూడా అలాంటిదే అని తెలుసా?"

"తెలుసు."

అక్క ఫోను గట్టు మీద పెట్టింది. పొయ్యి మీద కాఫీ పొంగి కారిపోతున్నా కట్టలేదు, చెల్లెలే కట్టింది. అక్క అడిగింది.

"ఎందుకే?"

"పద్దెనిమిది వచ్చిందక్కా. ఎవరికీ రానిది నాకు వచ్చింది. పోగొట్టుకోబుద్ధి కాలేదు."

చెంపదెబ్బ కొడుతుందేమోనని చూసింది. కొడితే బాగుండునని కూడా అనిపించింది. అక్క కొట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"ఆయనకి మాత్రం చెప్పకు."

"చెప్పడానికే వచ్చానక్కా. నువ్వెందుకు మొయ్యాలి?"

"నామీద కోపం ఆయనకి కొత్తేం కాదు, వస్తుంది, పోతుంది. నువ్వంటే ఆయనకి ప్రాణం. వారమంతా ఆదివారం కోసం చూస్తాడు. ఊరెలాగూ పోయింది, నువ్వు కూడా పోతే ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తాడు?" కాఫీ గ్లాసుల్లో పోస్తూ, చెల్లెలి మొహం చూడకుండా అంది. "నీకోసం కాదు ఇది. నీకు నా మనసులో ఎంత చోటు మిగిలిందో నాకే తెలీదు. ఆయన కోసం. పద, చల్లారిపోతుంది."

గదిలో బావ ఆమెను చూసి కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"రావే మరదలా. చదివావా మీవాళ్ళ ఉత్తరం? మధ్యలో ఆపొద్దట! మీ అక్క ఒక్క చిటికెన వేలితో నలభై వేల మందిని మాయం చేసింది. ఇంత గొప్పదాన్నా నేను కట్టుకున్నానని ఇప్పుడు తెలిసింది."

వేళాకోళమే. కానీ ఆ వేళాకోళం కింద చిన్న ముల్లు ఉంది. అది ముగ్గురికీ గుచ్చుకుంది. అక్క గ్లాసు అతని చేతికి ఇస్తూ, "అవును మరి, తెలుసుకుని మసలుకోండి" అని నవ్వింది. ఆ నవ్వు చూసి చెల్లెలు కూడా నవ్వాల్సి వచ్చింది.

"ఏమే, నువ్వు చెప్పు" అన్నాడు బావ. "తప్పు ఎవరిది? మీ అక్కదా, మీ కంపెనీదా? నువ్వు లోపలి మనిషివి కదా."

అక్క కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"కంపెనీదే బావా" అంది ఆమె.

"చూశావా, అక్కని ఎలా వెనకేసుకొస్తోందో!" అని అతను మెచ్చుకోలుగా తల ఊపాడు. కుట్టుమిషను చప్పుడు మొదలైంది. ఆమె కాఫీ తాగడం పూర్తిచేసి, గ్లాసులు మూడూ తీసుకెళ్ళి కడిగి బోర్లించి, బస్సుకు వేళయిందని చెప్పి లేచింది. అక్క గుమ్మందాకా రాలేదు.